మన అనూరాధ నక్షత్రానికి 2000లో ఏమైంది?

మీది అనూరాధ నక్షత్రమా? న, ని, ను, నే అక్షరాల్లో ఒకటి చూసి పేరు పెట్టారా? అయితే ఇది ముఖ్యంగా మీ కోసమే, కాకపోతే జాతకాల గొడవ ఇందులో ఏమీ లేదు. పంచాంగంలో కనిపించే ఆ పేరుకి పైన నిజంగానే చుక్కలున్నాయి, అందులో ఒకటి మన కాలంలోనే, మామూలు కంటికి తెలిసేంతగా వెలుగు పెంచుకుంది. ఈ ముక్క ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు తోచదు.

వృశ్చికంలో ఎర్రగా కనిపించేది జ్యేష్ఠ. మే మూడో వారంలో అర్ధరాత్రి, జూన్ చివర్లో అయితే తొమ్మిదిన్నరకే (మబ్బులు కరుణిస్తే) దక్షిణం వైపు తిరిగి చూడండి, జ్యేష్ఠకు కుడిపక్కన ఇంచుమించు నిలువుగా మూడు చుక్కలుంటాయి. అవే అనూరాధ. మధ్యదాన్ని డెల్టా స్కార్పీ అంటారు. నా గోలంతా దీని గురించే.

దాని మాగ్నిట్యూడ్ 2.3 అని పుస్తకాల్లో ఉండేది (ఇది చుక్కల వెలుగు కొలత, ఈ లెక్కలో అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ). అంటే ఆ మూడింటిలో పైనున్న చుక్క, బీటా కంటే కొంచెమే మెరుగు. 2000 సంవత్సరం మధ్యలో అర్జెంటీనాలో సెబాస్టియన్ ఓటెరో అనే ఔత్సాహికుడు పక్క చుక్కలతో పోల్చి చూస్తూ ఇది ఉండాల్సినదానికంటే ఎక్కువగా వెలుగుతోందని పట్టుకున్నాడు. అప్పటికి పెరిగింది 0.1 మాగ్నిట్యూడ్, అంటే ఇంచుమించు పదో వంతు వెలుగు. అంత చిన్న తేడాని ఉత్త కంటితో పట్టుకోవడమంటే ఎన్ని రాత్రులు ఆకాశం చూసి ఉండాలో! ఆ తర్వాత అది తగ్గుతూ పెరుగుతూ 1.6 దాకా వెళ్ళింది, అంటే మామూలుకి దాదాపు రెట్టింపు.

ఇంతకీ జరిగిందేమిటంటే, ఇది పాతిక వేల డిగ్రీలు దాటిన వేడితో, సూర్యుడికి పది రెట్లు మించిన బరువుతో, విపరీతమైన వేగంతో తన చుట్టూ తాను తిరిగే నీలి నక్షత్రం. తడిసిన గొడుగుని గిరగిరా తిప్పితే అంచు నుంచి నీళ్ళు చిమ్మినట్టు, నడుము దగ్గర దాని గురుత్వం పట్టు సడలి వాయువు బయటికి జారి చుట్టూ పళ్ళెంలా పరుచుకుంటుంది. ఆ పళ్ళెం కూడా వెలుగుతుంది, అదనపు కాంతి అక్కడిదే. కాంతిని విడదీసి చూస్తే హైడ్రోజన్ ఎర్ర గీత మామూలు నక్షత్రాల్లోలా నల్లగా కాకుండా ప్రకాశవంతంగా కనబడుతుంది. ఇలాంటివాటిని బీఈ నక్షత్రాలంటారు, మొదటిదాన్ని 1866లో ఇటలీలో ఏంజెలో సెక్కీ గుర్తించాడు, అది గామా కాసియోపియా.

అసలు మజా దీని జంట దగ్గర ఉంది. దీనికో తోడు నక్షత్రం ఉంది, దాని కక్ష్య బాగా సాగదీసిన కోడిగుడ్డు లాంటిది కూడా కాదు, ఇంకా అన్యాయంగా ఉంటుంది. దూరంగా ఉన్నప్పుడు మన సూర్యుడికి యురేనస్ ఎంత దూరమో అంతకంటే దూరం, దగ్గరికొస్తే సుమారు భూమికీ సూర్యుడికీ ఉన్నంత. ఒక చుట్టుకి 10.8 ఏళ్ళు. 2000లో అది బాగా దగ్గరికొచ్చింది సెప్టెంబరులో, కాబట్టి అందరి వేలూ దానివైపే. నాకైతే తోడుని మొత్తం దోషిని చేయడం సబబు అనిపించదు. వెలుగు పెరగడం మొదలైంది అంతకు నెలల ముందే కదా, పైగా 1990ల మొదట్లోనే ఆ హైడ్రోజన్ గీత కొద్దిగా వెలగడం కనిపించింది. 2011 జులైలో మళ్ళీ దగ్గరికొచ్చినప్పుడు ప్రొఫెషనల్స్, ఔత్సాహికులు అందరూ టెలిస్కోపులు బిగించి కూర్చున్నారు, పళ్ళెం చెదిరిపోతుందేమోనని. చెదరలేదు. తోడు కాస్త కెలికితే కెలికి ఉండొచ్చు గానీ అసలు పని ఆ తిరుగుడుదీ, నక్షత్రం ఉపరితలం ఉబ్బుతూ తగ్గుతూ ఉండే స్పందనలదీ.

2022లో ఇంకోసారి దగ్గరికొచ్చి వెళ్ళింది, ఆ తర్వాతది 2033 మొదట్లో. అప్పటిదాకా ఆగక్కర్లేదు. ఈ వేసవిలో డాబా ఎక్కినప్పుడు డెల్టాని బీటాతోనూ జ్యేష్ఠతోనూ పోల్చి, ఏది ఎంత మెరుగో తేదీ వేసి ఒక డైరీలో రాయండి, నెలకోసారైనా చాలు. మీ ఊరి లైట్లు ఎక్కువైనా పర్లేదు, ఈ మూడూ సిటీలో కూడా కనిపిస్తాయి.