నొప్పి లేని రోజు కూడా వేసుకునే మాత్ర

నాకున్నది మైగ్రేన్ అని తేలడానికే చాలా ఏళ్లు పట్టింది. ఇంట్లో పైత్యం అన్నారు. ఒక డాక్టరు సైనస్ అన్నారు. ఎండలో తిరిగితే వస్తుంది, పొద్దున టిఫిన్ తినకపోతే వస్తుంది, రాత్రి నిద్ర చెడితే మర్నాడు వచ్చి తీరుతుంది. ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక్కి దిగి మెడ దాకా పట్టేస్తుంది. ట్యూబ్‌లైటు వెలుతురు, పోపు వాసన, పక్కింటి టీవీ ఏదీ భరించలేను. వాంతి అయితే కొంచెం తేలిక. ఆ మర్నాడంతా తల మొద్దుగా, ఒళ్లు నీరసంగా ఉంటుంది.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సెలవులన్నీ తలనొప్పికే అయిపోతుంటే గుంటూరులో న్యూరాలజిస్టుకు చూపించుకున్నాను. ఆవిడ ముందుగా అడిగింది నొప్పి మాత్రలు నెలకు ఎన్ని రోజులు వేసుకుంటున్నారని. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్ రకం మాత్రలు 10 రోజులు, లేదా అంతకు మించి నెలల తరబడి వాడితే, ఆ మాత్రల వల్లే మళ్లీ తలనొప్పి వస్తుందట. ఇన్నేళ్లలో ఈ మాట నాకెవరూ చెప్పలేదు. "వచ్చాక తగ్గించుకోవడం కాదమ్మా, ఇక రాకుండా చూసుకోవాలి" అన్నారు.

పాత నివారణ మందులు చాలావరకు వేరే జబ్బుల కోసం వచ్చినవే. ప్రొప్రనలాల్ గుండె, బీపీ మందు. నాకు ఉబ్బసం ఉంది కాబట్టి అది పనికిరాదు. ఫ్లూనరిజిన్ అంతకుముందు కొన్నాళ్లు వాడాను, పగలంతా మత్తుగా ఉండేది, బరువూ పెరిగాను. అందుకని టోపిరమేట్ రాశారు. రాసేముందు కిడ్నీలో రాళ్లు ఉన్నాయా, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా ఉందా, గర్భం వచ్చే అవకాశం ఉందా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఈ మందు వల్ల కడుపులో బిడ్డకు గ్రహణమొర్రి లాంటి లోపాలు రావచ్చు. నాకు పిల్లల ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. పెళ్లి కావలసిన ఆడపిల్లలు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు మాత్రం ఈ విషయం డాక్టరు అడిగేదాకా ఆగకుండా తామే చెప్పాలి.

మందుల షాపు అబ్బాయి చీటీ చూసి, "ఫిట్స్ ఎవరికండీ, పిల్లలకా?" అన్నాడు. టోపిరమేట్ మొదట మూర్ఛ మందే. అమెరికాలో మైగ్రేన్ నివారణకు 2004లో అనుమతి ఇచ్చారు. ఆ అబ్బాయి మామూలుగానే అడిగాడు, కానీ పక్కనున్న ఇద్దరు తిరిగి నా వైపు చూశారు. మూర్ఛ ఉన్నవాళ్లు ఎలాంటి చూపుల మధ్య బతుకుతున్నారో నాకు అప్పుడు తెలిసింది.

రాత్రి పూట 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారానికి 25 చొప్పున 100 దాకా పెంచాలన్నారు. మా అత్తయ్య, "నొప్పి లేనప్పుడు మందెందుకమ్మా?" అని అడిగారు. "మీరు బీపీ మాత్ర రోజూ వేసుకుంటారు కదా అత్తయ్యా, ఇదీ అంతే" అన్నాను. అప్పుడు కార్తీక మాసం. డాక్టరు ఒక్క పూట కూడా తిండి మానొద్దన్నారని చెబితే, "నీ సోమవారాలు కూడా నేనే ఉంటాలే, నువ్వు తిను" అన్నారు. ఆ మాటకు నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

మొదటి నెల నొప్పి ఏమాత్రం తగ్గలేదు. చేతివేళ్లలో, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు తిమ్మిర్లు. ఆకలి తగ్గింది. సోడా తాగితే ఉత్త నీళ్లలా ఉంది. నాలుక మీద సోడా చురుకును పసిగట్టే ఎంజైమును ఈ మందు అణచిపెడుతుంది. ఇవన్నీ ఓర్చుకోగలిగాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి వచ్చింది. బోర్డు మీద రెండు భుజాలు సమానంగా త్రిభుజం గీశాను, దాని పేరు నోటికి రాలేదు. ఎంత వెతుక్కున్నా రాలేదు. పిల్లలే "సమద్విబాహు త్రిభుజం టీచర్" అన్నారు. ఆ వారంలో అలా మళ్లీ మళ్లీ జరిగింది. పాఠం చెప్పి బతికేదాన్ని, మాట తడబడితే నాకు తలనొప్పి కంటే ఎక్కువ భయం వేసింది. డాక్టరుకు అలాగే చెప్పాను. "మందుకు ఇలా ఉంటుంది, మీ బుర్రకేమీ కాలేదు" అని 75కు తగ్గించారు. కొద్ది వారాల్లో మాటలు కుదుటపడ్డాయి.

పాలలెక్క రాసుకునే క్యాలెండర్లోనే నొప్పి వచ్చిన రోజుకు ఎర్రపెన్నుతో సున్నా చుట్టేదాన్ని. మందు పనిచేస్తుందో లేదో తేలడానికి రెండు మూడు నెలలు పడుతుంది. సగానికి తగ్గితే చాలు, పనిచేసినట్టే. ఇది ముందే తెలియకపోతే నేను మధ్యలోనే మానేసి ఉండేదాన్ని. మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి, తెల్లవారుజామున ముహూర్తం. రాత్రంతా మేలుకునే ఉన్నాను. మర్నాడు నొప్పి వచ్చింది, కానీ సంచీలో ఉన్న ట్రిప్టాన్ రకం మాత్ర రిజాట్రిప్టాన్ ఒక్కటి వేసుకుంటే తగ్గిపోయింది. అప్పగింతల దాకా నిలబడ్డాను. ఆ నెల ఎర్ర సున్నాలు అంతకుముందు నెలల్లో సగం కూడా లేవు.

ఎండాకాలం మాత్రం ఈ మందుతో జాగ్రత్తగా గడపాలి. కొందరికి చెమట సరిగా పట్టదు, ఒళ్లు వేడెక్కిపోతుంది. గుంటూరు ఎండ 43, 44 డిగ్రీలకు చేరినప్పుడు మధ్యాహ్నం బయటికి అడుగు పెట్టలేదు. కిడ్నీలో రాళ్లు పడకుండా రోజంతా నీళ్లు తాగుతూనే ఉన్నాను. ఉన్నట్టుండి కన్ను నొప్పి పెట్టి చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలని డాక్టరు చెప్పి ఉంచారు. నాకు ఆ ఇబ్బంది రాలేదు.

ఇప్పుడూ తలనొప్పి వస్తూనే ఉంది, పరీక్షల డ్యూటీల్లో మరీను. అయితే రేపు పాఠం చెప్పగలనా అనే టెన్షన్‌తో పడుకోవడం లేదు. మందు ఒక్కసారిగా ఆపకూడదట, కొన్ని నెలలు బాగా ఉన్నాక మెల్లగా తగ్గించాలట. ఈసారి వెళ్లినప్పుడు 50కి దించి చూద్దామా అని నేనే అడగాలనుకుంటున్నాను.