సెయింట్ జాన్స్‌లో జైలు పక్క మైదానం

కరీబియన్ దీవి ఆంటిగాలో టాక్సీకి మీటరుండదు. ఎక్కకముందే ధర తేల్చుకోవాలి, చెప్పింది అమెరికా డాలర్లా, ఈస్ట్ కరీబియన్ డాలర్లా అని కూడా అడగాలి. ఒక అమెరికా డాలరుకి 2.70 ఈసీ డాలర్లు. అడక్కుండా నార్త్ సౌండ్‌లోని కొత్త క్రికెట్ స్టేడియానికి బయల్దేరితే, అనుకున్నదానికి దాదాపు మూడింతలు చేతి నుంచి పోతుంది. అసలు మ్యాచ్ కోసం ఊరు దాటి పోవడమేంటని చిరాకు. ఆట ఫతే మైదాన్ నుంచి ఉప్పల్‌కి తరలిపోయిన బాధ తెలిసిన హైదరాబాదీలకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

పాత మైదానం, అంటే ఆంటిగా రిక్రియేషన్ గ్రౌండ్, రాజధాని సెయింట్ జాన్స్‌లోనే ఉంది, నడిచే వెళ్ళొచ్చు. ఓడలు ఆగే రేవు హెరిటేజ్ కీ దగ్గర మొదలై, కెథీడ్రల్ జంట గోపురాలు గుర్తు పెట్టుకుని ఎత్తెక్కితే చాలు. జూలై చివర, ఆగస్టు మొదట్లో మాత్రం వద్దు, కార్నివాల్ వేదిక వేసేస్తారు.

పక్కనే జైలు. ఒకప్పుడు ఈ పిచ్ మీద రోలరు లాగింది అక్కడి ఖైదీలే. వెస్టిండీస్ బ్యాటర్ వివ్ రిచర్డ్స్ తండ్రి జైలు ఉద్యోగి. 1981లో ఇక్కడ తొలి టెస్టు జరిగితే కొడుకు 114 కొట్టాడు, 1986లో 56 బంతుల్లోనే వంద. మరో వెస్టిండీస్ బ్యాటర్ బ్రయన్ లారా 375, 400 కూడా ఇక్కడివే. పిచ్ చదును, బౌండరీలు దగ్గర. బౌలరుకి చెమట తప్ప ఏమీ మిగలదు.

2002 టెస్టులో మన లక్ష్మణ్ 130, అజయ్ రాత్రా 115 నాటౌట్, ఏడో వికెట్టుకి 217. వెస్టిండీస్ 629 కొడితే మన పదకొండు మందీ బౌలింగ్ చేయాల్సొచ్చింది, వికెట్ కీపరుతో సహా. అందులోనే కుంబ్లే విరిగిన దవడకి తల చుట్టూ కట్టు కట్టుకుని వచ్చి, 14 ఓవర్లు వేసి, లారాని ఎల్బీ చేశాడు. ఆ పిచ్ మీద ఆ వికెట్ విలువేంటో మైదానం చూస్తేగానీ అర్థం కాదు.

2007 ప్రపంచ కప్పు కోసం చైనా సాయంతో నార్త్ సౌండ్ స్టేడియం కట్టారు. నీరు తొందరగా ఇంకాలని అవుట్‌ఫీల్డ్‌లో ఇసుక పోశారు. ఇసుక ఎక్కువైతే గడ్డి వేరు పట్టదు, నేల గట్టిపడదు. 2009 ఫిబ్రవరి 13న ఇంగ్లండుతో టెస్టులో పరుగెత్తుకొచ్చే బౌలర్ల కాళ్ళు దిగబడిపోయాయి. బౌలరు రనప్ అంటే నమ్మకం. అడుగు ఎక్కడ పడుతుందో తెలియకపోతే చీలమండ పోతుంది. 10 బంతులకే ఆట ఆపేశారు. ఆ స్టేడియంపై ఏడాది నిషేధం పడింది.

అప్పుడు ఆదుకుంది పాత మైదానమే. ఫిబ్రవరి 15న అక్కడే టెస్టు మొదలైంది. ఐదో రోజు సాయంత్రం వెస్టిండీస్ తొమ్మిది వికెట్లు పడ్డాక, డారెన్ పావెల్, ఫిడెల్ ఎడ్వర్డ్స్ పది ఓవర్లు అడ్డుకుని డ్రా చేశారు. అక్కడ జరిగిన చివరి టెస్టు అది.