దారిలో ఆగిన యేసు

మన సంఘాల్లో చాలాచోట్ల డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తొంభయ్యవ కీర్తన చదువుతారు. భూస్థాపన ఆరాధనలోనూ అదే. “మాకు జ్ఞానహృదయము కలుగునట్లుగా చేయుము, మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము” అన్న 12వ వచనం దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ల గొంతులు కొంచెం తగ్గుతాయి. డెబ్బయ్యేళ్లు, బలముంటే ఎనభై అని మోషే దానికి రెండు వచనాల ముందే చెప్పేశాడు మరి.

తర్వాత వినిపించే ప్రసంగం ఎక్కువగా ఒకే దారిలో వెళ్తుంది. ఫోన్ తగ్గించండి, తెల్లవారుజామున లేవండి, ఏడాదిలో బైబిలు పూర్తి చేయండి. అన్నీ అవసరమే. అర్ధరాత్రి దాకా రీల్స్ చూసి, పొద్దున ప్రార్థనకు టైం లేదనడం దేవుని ముందు చెప్పదగ్గ మాట కాదు. అయితే మోషే అడిగింది జ్ఞానహృదయాన్ని. రోజును పనులతో నింపడం వేరు, ఆ రోజు ఎవరికివ్వాలో తెలుసుకోవడం వేరు. ఆ రెండోది నేర్చుకోవడానికి మార్కు సువార్త 5వ అధ్యాయం కన్నా మంచి చోటు నాకు కనిపించలేదు.

యాయీరు సమాజమందిరపు అధికారి. పన్నెండేళ్ల కూతురు చావుబతుకుల మధ్య ఉంది. ఊళ్లో అంత గౌరవం ఉన్న మనిషి, అందరూ చూస్తుండగా యేసు పాదాల మీద పడి బతిమాలాడు. యేసు ఆయనతో బయల్దేరాడు. ఒక్కో నిమిషం విలువ ఏమిటో అప్పుడు ఆ తండ్రికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఐసీయూ బయట కూర్చున్నవాళ్లకు ఆ టెన్షన్ వివరించనక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే యేసు ఆగిపోయాడు. తన వస్త్రాలు ముట్టింది ఎవరని అడిగాడు. జనం ఇలా మీద పడుతుంటే అదేం ప్రశ్న అనుకున్నారు శిష్యులు. నిజానికి, గుంపులో వెనకనుంచి వచ్చి ఆయన వస్త్రాన్ని ముట్టిన ఒక స్త్రీకి అప్పటికే నయమైంది. పన్నెండేళ్ల రక్తస్రావం, తిరిగిన వైద్యులు, కరిగిపోయిన సొమ్ము, అన్నిటికీ ఆ ముట్టిన క్షణంలోనే ముగింపు పడింది. రోగం మాటే అయితే ఇక ఆగాల్సిన పని లేదు. అయినా ఆయన చుట్టూ చూశాడు. ఆమె వణుకుతూ వచ్చి “తన సంగతి యంతయు” చెప్పేదాకా నిలబడ్డాడు. పన్నెండేళ్ల బాధ ఒక్క ముక్కలో చెప్పేది కాదు. పక్కనే యాయీరు ఉన్నాడు. ఆయన ఏమన్నాడో మార్కు రాయలేదు. ధర్మశాస్త్రం ప్రకారం అపవిత్రురాలిగా, మనుషులకు దూరంగా బతికిన ఆమెను యేసు అందరి ముందు “కుమారీ” అని పిలిచాడు. ఆ పిలుపు వినకుండా గుంపులో కలిసిపోయి ఉంటే, ఒళ్లు బాగుపడినా ఆ స్వస్థత దొంగచాటుగా తీసుకున్నదిగానే ఆమెకు మిగిలేదేమో.

ఆయన ఇంకా మాట్లాడుతుండగానే కబురు వచ్చింది, అమ్మాయి చనిపోయిందని. లోకం లెక్కలో ఆ ఆలస్యం ఖరీదు ఒక ప్రాణం. “భయపడకుము, నమ్మికమాత్రముంచుము” అన్నాడు యేసు. వెళ్లాడు, చెయ్యి పట్టుకుని లేపాడు, ఆ పిల్లకు తినడానికి పెట్టమన్నాడు. దారిలో ఆగినందువల్ల యాయీరుకు ఏమీ తక్కువ కాలేదు.

అలాగని పిలిచినవాళ్లందరి కోసం ఆయన ఆగలేదు. కపెర్నహూములో సాయంత్రం పట్టణమంతా ఇంటి వాకిట చేరితే రోగుల్ని బాగుచేసి, ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంతంగా ప్రార్థనకు వెళ్లాడు. అందరూ నీకోసం వెతుకుతున్నారని సీమోను వచ్చి చెబితే, పక్క ఊళ్లకు వెళ్దాం పదండన్నాడు. ఒకచోట జనసమూహాన్నే వదిలి వెళ్లాడు, ఇంకోచోట ఒక్క మనిషి కోసం నిలబడ్డాడు. ఆ వివేకం ఆయనకు తండ్రి సన్నిధిలో, ఆ చీకటి ప్రార్థనలో దొరికేదని నేను నమ్ముతాను. అందుకే ఉదయపు ప్రార్థనను ఆ రోజు పనుల్లో ఒక పనిగా లెక్కవేయలేను.

మన ఒంగోలు చరిత్రలోనూ ఇలాంటి ఆగడం ఒకటి ఉంది. మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చింది సువార్త చెప్పడానికి. 1876-78 కరువులో ఆయన సమయం బకింగ్‌హామ్ కాలువ తవ్వకానికి పోయింది. యవ్వనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు కాబట్టి, కాలువలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చూశాడు. తిండి కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను మనం గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం, లెక్కలో చూపించడానికి ఏమీ లేకుండా కాలువ గట్టు మీద గడిచిపోయిన ఆ నెలలే ఇంకా విలువైనవిగా కనిపిస్తాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక బైకులు తీసే హడావుడిలో అందరం గేటు వైపు వెళ్తుంటాం. చెప్పులు విడిచిన చోట ఎవరో ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని నిలబడి, “అయ్యా, ఒక్క మాట” అంటుంది. కొడుకు ఫోన్ చేయడం లేదనో, షుగర్ తగ్గడం లేదనో. “ప్రార్థన చేస్తాలేమ్మా” అని నడుస్తూనే అనేయడం చాలా సులువు. ఇంట్లో అన్నం చల్లారుతుంది, అంతే కదా. ఆమె సంగతి అంతా వినేదాకా ఆగుదాం. ఆ ప్రార్థనేదో ఆమె పక్కన నిలబడి అక్కడే చేసి, అప్పుడు బండి తీద్దాం.