అమ్మ మోకాలి ఆపరేషన్, రాత్రి నొప్పులు: నా అనుభవం

మోకాలి ఆపరేషన్ కంటే ఆ తర్వాత రాత్రులు గట్టెక్కడమే కష్టమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, అమ్మకి కాకినాడలో మోకాలు మార్పిడి చేయించాం. వెన్నులో మత్తిచ్చి, తొడ దగ్గర నరానికి బ్లాక్ (కొన్ని గంటలు నొప్పి తెలియకుండా నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్) కూడా వేశారు, అందుకే సాయంత్రం ఇడ్లీ తింటూ కబుర్లు కూడా చెప్పింది. అర్ధరాత్రి దాటాక మొదలైంది అసలు బాధ. దుప్పటి అంచు గుప్పిట్లో నలిపేస్తోంది, నొప్పి పదికి ఎంతమ్మా అని నర్సు అడిగితే వేళ్ళు చూపించడానికి కూడా ఆ చెయ్యి వదల్లేదు.

చూడ్డానికొచ్చిన చుట్టాలు ఓర్చుకోవాలమ్మా అన్నారు, నాకు ఒళ్ళు మండింది. చీకటితో లేచి కల్లాపి జల్లి, పాలు పితికి, రోజంతా చాకిరీ చేసిన మనిషికి ఓర్పు గురించి చెప్తారా?

పొద్దున మత్తు డాక్టర్ గారిని అడిగితే ఓపిగ్గా చెప్పారు. మెదడులో కళ్ళ నరాలు కలిసే చోటుకి కాస్త పైన ఒంటి గడియారం ఉంటుందట, అది వెలుతురుని బట్టి టైం సరిచేసుకుంటుంది, నిద్ర, కార్టిసాల్ అనే హార్మోను, ఒంటి వేడి అన్నీ దాని లెక్కలోనే నడుస్తాయి, నొప్పి కూడా అంతేనమ్మా, పైగా మీ అమ్మగారికి బ్లాక్ పవర్ దిగిపోయింది కూడా సరిగ్గా ఆ టైంలోనే అన్నారు. తర్వాత నేను చదివితే, 2022లో ఫ్రాన్స్‌లో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళని ఒకరోజు పైన నిద్రపోనివ్వకుండా మసక వెలుతురులో ఉంచి, చర్మానికి వేడి తగిలించి చూశారట, నడిరాత్రి నొప్పి ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా తెలిసిందట. ఆపరేషన్ లేనివాళ్ళకే అలా ఉంటే! మత్తు ఆ గడియారాన్నే జరిపేస్తుందని తేనెటీగల మీద కూడా చూశారు, న్యూజిలాండ్‌లో, పగలు మత్తిస్తే వాటి టైం వెనక్కి పోయిందట. అది పూర్తి మత్తు సంగతి లెండి, అమ్మకి ఇచ్చింది వెన్నులో.

మాకు పనికొచ్చింది మాత్రం పాల లెక్క రాసే నోట్‌బుక్. నొప్పి ఎప్పుడు ఎంతుందో, మాత్ర ఎప్పుడు పడిందో పక్కపక్కనే రాశా. రాత్రి మాత్ర భోజనంతో ఎనిమిదికే వేసేస్తున్నారు, రెండింటికల్లా దాని పవర్ అయిపోతోంది. డాక్టర్ గారు ఆ కాగితం చూసి డోసు ఏమీ పెంచకుండా పడుకునే ముందుకి మార్చారు. మీ అంతట మీరు మాత్రం మార్చకండి, పారాసిటమాల్ అయినా రోజుకి నాలుగు గ్రాములు దాటితే లివర్‌కి ప్రమాదం, వయసులో పెద్దవాళ్ళకి ఇంకా తక్కువే ఇస్తారు.

వార్డులో రాత్రంతా ట్యూబ్‌లైటు వెలుగుతుంటే సిస్టర్ గారిని అడిగి మా వైపుది ఆపించా, పగలు మంచం కిటికీ దగ్గరకి జరిపించా. నొప్పి పూర్తిగా పోలేదు గానీ అమ్మ నిద్రపోయింది, పొద్దున ఫిజియో వచ్చేసరికి కాలు వంచడానికి ఓపిక ఉండేది.

రెండో మోకాలు సంక్రాంతి వెళ్ళాక చేయిద్దామనుకుంటున్నాం. ఈసారి బ్లాక్ ఎన్నింటికి దిగొచ్చు, అంతకుముందే ఏం మందు ఇస్తారు అని ఆపరేషన్‌కి ముందే మత్తు డాక్టర్ గారిని అడుగుతాను.