గ్రేస్ మార్కులు

“నాన్నా, నువ్వు వాడికి గ్రేస్ మార్కులు వేస్తున్నావు” అంది మా అమ్మాయి. అన్నది ఇంగ్లీషులోనే. గ్రేస్ మార్కుల సంగతి మాత్రం నా దగ్గర విన్నదే. పదో తరగతి లెక్కల్లో ఎలా గట్టెక్కానో ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్నాను మరి.

వాడంటే మా కుక్క. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. ఆలిస్ విల్లలోబోస్ అనే పశువైద్యురాలు 2004లో తయారుచేసిన పట్టిక. నొప్పి ఎంత అదుపులో ఉంది, తిండి, నీళ్లు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా... ఒక్కోదానికి పదికి ఇన్నని వేయాలి. 70కి 35 దాటితే కుక్క బతుకు ఇంకా ఫరవాలేదని లెక్క. మావాడికి 14 ఏళ్లు. నేను ఎప్పుడు కూడినా 37 వస్తుంది. వెనక కాళ్లు జారి రెండుసార్లు పడిన రోజున కూడా నడకకి 6 వేశాను, తోక ఊపాడు కదా అని. తోకకి ఆ పట్టికలో గడి లేదు.

అమ్మాయికి 92 వస్తే మిగతా ఎనిమిదీ ఏమయ్యాయని అడిగింది కూడా నేనే.

కుక్కలు నొప్పిని దాచుకుంటాయట. రాత్రంతా పడుకోకుండా తిరగడం, ఊరికే ఒగర్చడం, అలాంటివి చూసి మనమే తెలుసుకోవాలి. క్యాలెండర్లో మంచి రోజుకి టిక్కు, చెడ్డ రోజుకి ఇంటూ పెట్టుకోమంటారు. మంచి సలహాలే, మీకూ చెబుతున్నాను. పెన్సిలు నాలాంటివాడి చేతిలో పెట్టకండి, అంతే.

మా చిన్నబ్బాయితో, కుక్కని సాగనంపాల్సి వస్తే “డాక్టర్ నిద్రపుచ్చుతారు” అన్నాను. ఆ రాత్రి వాడు పడుకోనంటే పడుకోనని మొండికేశాడు. పిల్లల దగ్గర ఆ మాట అనొద్దని ఎందుకంటారో అప్పుడు తెలిసింది. మర్నాడు కూర్చోబెట్టి చెప్పాను: ముందు మత్తిస్తారు, తర్వాత మత్తుమందే ఎక్కువ మోతాదులో నరానికి ఎక్కిస్తారు, కొన్ని నిమిషాల్లో గుండె ఆగిపోతుంది, కళ్లు మాత్రం తెరుచుకునే ఉండొచ్చు. ‘చచ్చిపోతాడు’ అన్న ఒక్క మాటా ఇంగ్లీషులో చెప్పేసి తప్పించుకున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూలు పెట్టినవాణ్ణి.

ఆ రూలు పాటించింది నిజానికి కుక్క ఒక్కడే. కూర్చో అంటే కూర్చునేవాడు, రా అంటే వచ్చేవాడు, ఇంగ్లీషులో ఎదురు జవాబు చెప్పేవాడు కాదు. ఇప్పుడు చెవులు పోయాయి. అయినా పొద్దున్నే వాడి పక్కన కూర్చుని ఏదో ఒకటి చెబుతూనే ఉంటాను. వాడు కూడా పోతే ఇంట్లో నా తెలుగు ఎవరు వింటారన్న బెంగకి కూడా ఆ పట్టికలో గడి లేదు. అది అమ్మాయికి చెప్పలేదు.

నిన్న రాత్రి మనసు గట్టి చేసుకుని నడకకి 2 వేశాను. మొత్తం 33 వచ్చింది. పొద్దున లేచి చూస్తే 2ని చెరిపి ఎవరో 4 చేశారు. దస్తూరి నాది కాదు.

డాక్టర్‌కి ఇంకా ఫోన్ చేయలేదు.