రంగు గడి ఒక్కటే ఖాళీ

కొత్త కారు బుకింగ్ ఫారంలో అన్నీ నింపేశాను. మోడలు, ఇంజను, గేర్లు, పేరు, చిరునామా. రంగు గడి దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. "పర్లేదు సార్, అదొక్కటీ రేపు చెప్పండి" అన్నాడు షోరూం కుర్రాడు. ఆ రేపు రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

నవ్వకండి. ఇంజను సంగతి రెండు గంటల్లో తేల్చేశానంటే దాని గురించి నాకు తెలిసింది తక్కువ కాబట్టి. రంగు అలా కాదు, అందరికీ తెలుసు. ఇంట్లో నలుగురం ఉన్నాం. మా ఆవిడ తెలుపంది. పదకొండేళ్ల మా అమ్మాయి ఎరుపు కాకపోతే బండే ఎక్కనంది. నాకేమో నలుపంటే మోజూ ఉంది, భయమూ ఉంది. అమ్మ మాత్రం "ఏదో ఒకటి తీసుకోరా, ఎక్కడానికి ఎత్తుగా లేకపోతే చాలు" అని తేల్చేసి తన పని తాను చూసుకుంది.

భయం ఎందుకంటే, పాత బండి నలుపే. తొమ్మిదేళ్లు నడిపాను. కొత్తలో దాని తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత మెరుపు. ఆ మెరుపు కోసం చేసిన చాకిరీ మాత్రం ఇంతా అంతా కాదు. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి పిండిమరలోంచి తీసుకొచ్చినట్టుండేది. రెండో ఏడు ఒక సాయంత్రం, ఏటవాలు ఎండలో బానెట్ చూసి గుండె గుభేలుమంది. సూర్యుడి బింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గుండ్రటి గీతలు. ఏ పిల్లాడో గీకాడనుకున్నాను. గీకింది నేనే. రోజూ పొడిగుడ్డతో దుమ్ము తుడిచేవాణ్ని కదా, ఆ దుమ్ములోని ఇసుక రేణువులు గుడ్డ కింద చేరి గరుకు కాగితం పని చేశాయి. రంగు మీద అద్దంలాంటి పూత ఒకటి ఉంటుంది, క్లియర్ కోటు అంటారు. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక కంటే పలచన. దాని మీద నేను తొమ్మిదేళ్లు ప్రతాపం చూపించాను. గీతలు ఏ రంగు బండికైనా పడతాయి. నలుపు వాటిని దాచిపెట్టదు, అంతే తేడా.

ఇక ఎండ. మధ్యాహ్నం బండి తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టుండేది. నా భ్రమేమో అనుకునేవాణ్ని. కాదట. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీ వాళ్లు ఒకే రకం కార్లు రెండు, ఒకటి నలుపు, ఇంకోటి వెండిరంగుది, ఎండలో నిలబెట్టి కొలిచారు. 2011లో అనుకుంటా, ఆ ఫలితాలు వచ్చాయి. నల్లదాని పైకప్పు 25 డిగ్రీల దాకా ఎక్కువ వేడెక్కింది. లోపలి గాలిలో తేడా 5, 6 డిగ్రీలు. ఇది చదివాక నలుపు మీద మోజు సగం చచ్చింది. మిగతా సగం గీతలు గుర్తొచ్చి చచ్చింది.

మరి తెలుపే తీసుకోవచ్చుగా? మా ఆవిడ వాదన బలమైనదే. "దూరం నుంచి కనబడుతుందండీ, ఎదురొచ్చేవాడికి మనం కనబడితే చాలు కదా" అంది. తర్వాత వెతికితే ఆస్ట్రేలియాలో మొనాష్ యూనివర్సిటీ వాళ్లు 2007లో చేసిన పరిశీలన ఒకటి దొరికింది. పగటిపూట నల్లకార్లు ప్రమాదంలో పడే అవకాశం తెల్లవాటికన్నా 12 శాతం దాకా ఎక్కువని అందులో ఉంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆ పూటే ఫారం నిండిపోయేది. నా అభ్యంతరం ఒక్కటే. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయే కారు రంగు తెలుపే, పదేళ్ల పైనుంచీ అంతే. ఏ పార్కింగులో చూసినా వరసకు వరస తెలుపు. నా బండి నేనే వెతుక్కోవాలంటే ఎలా? ఇది కారణమా అంటే కాదనుకోండి. మనసుకి పట్టలేదు, కారణం తర్వాత తగిలించాను.

ఎరుపు విషయంలో అమ్మాయితో గొడవ పెట్టుకోదలచుకోలేదు. ఎరుపు రంగు పొడులు ఎండకు తొందరగా వెలిసేవని పాత మాట. అందులో నిజముంది. ఎరుపు కనబడాలంటే వెలుగులోని నీలం, ఆకుపచ్చ భాగాన్ని మింగాలి, బలం ఎక్కువున్న వెలుగు అదే. ఇప్పటి క్లియర్ కోటులో ఎండను అడ్డుకునే రసాయనాలు కలుపుతున్నారు కాబట్టి మునుపటంత భయం లేదు. అయినా ఎరుపు నాకు నప్పదు. "నువ్వు పెద్దయ్యాక కొనుక్కో" అన్నాను. మూడు రోజులు మాట్లాడలేదు.

ఫోర్డు మోడల్ టీ అనే పాతకాలపు కారు కొన్నవాళ్లను తలుచుకుంటే ఒక్కోసారి అసూయ పుట్టేది. 1908లో అది మొదలైనప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో వచ్చింది గానీ, 1914 నుంచి 1925 దాకా ఒక్క నలుపే. ఫారంలో గడే అక్కర్లేదు.

ఇలా కొట్టేసుకుంటూ పోతే చివరికి బూడిద రంగులు మిగిలాయి. కంపెనీలు దాన్ని బూడిద అనవు లెండి. తుపానంటాయి, అర్ధరాత్రంటాయి, ఏదో గ్రహం పేరు పెడతాయి. ఫోన్లో ఆ బొమ్మలు చూసి నిర్ణయించుకుందామనుకోవడం నేను చేసిన రెండో తప్పు. మా ముగ్గురి ఫోన్లలో ఒకే రంగు మూడు రకాలుగా ఉంది. షోరూంకి వెళ్లి అడిగితే అరచేతంత రేకు ముక్కలు తెచ్చిచ్చాడు కుర్రాడు. లోపలి ఎల్‌ఈడీ దీపాల కింద అది నీలం. బయటి నీడలోకి తెస్తే సిమెంటు. ఎండలోకి తెస్తే ఒక్కసారిగా ఇసుకలో అభ్రకం మెరిసినట్టు మెరిసింది.

దాన్ని అలా చేతిలో పట్టుకుని పావుగంట తిప్పి ఉంటాను. మెటాలిక్ రంగులో సన్నటి అల్యూమినియం రేకులు కలుపుతారు. అవి పూతలో చేపపొలుసుల్లా పడుకుని ఉంటాయి. సూటిగా చూస్తే వెలుగును మన కళ్లలోకే కొడతాయి, పక్కనుంచి చూస్తే మొహం చాటేస్తాయి. అందుకే ఒకే బండికి బానెట్ ఒక రంగు, తలుపు ఒక రంగు అనిపిస్తుంది. రేకుముక్కను పాత బండి బానెట్ మీద పడుకోబెట్టి చూశాను, తలుపుకి ఆనించి చూశాను. రెండూ ఒకటే ముక్కంటే నమ్మలేం. మబ్బు పట్టిన రోజున ఆ రేకులు నిద్రపోతాయి, మిగిలేది ఉత్త బూడిదే. నెలలో సగం రోజులు మబ్బుండే చోట బతికేవాళ్లు ఆ బూడిదను కూడా ఇష్టపడగలరో లేదో చూసుకోవాలి.

అరచేతి ముక్క సరిపోలేదు. అదే రంగు బండి రోడ్డు మీద ఎలా ఉందో చూడాలనిపించింది. పార్కింగుల వెంట పడ్డాను. ఒక సాయంత్రం దొరికింది. మోకాళ్ల మీద కూర్చుని, తలుపు అంచు మీద వెలుగు ఎలా జారుతోందో చూస్తుంటే వెనకనుంచి "ఏవండీ, ఏమైనా పడిపోయిందా?" అని గొంతు. బండాయన. విషయం చెప్పాను. కసురుతాడనుకుంటే ఇరవై నిమిషాలు పాఠం చెప్పాడు. వారం కడక్కపోయినా దుమ్ము తెలియదట. "ఒక్క వెనక తలుపే నా ప్రాణం తీస్తోందండీ" అన్నాడు. చూస్తే నాకేమీ కనబడలేదు. "ఇటు రండి" అని నన్ను నాలుగడుగులు పక్కకు జరిపాడు. అప్పుడు తెలిసింది. ఆ తలుపు ఒక్కటీ కాస్త నల్లగా ఉంది. దెబ్బ తగిలితే పెయింట్ వేయించాడట.

మర్నాడు తెలిసిన పెయింటర్ షెడ్డుకి వెళ్లాను. ఆయన స్ప్రే గన్ కడుక్కుంటూనే చెప్పాడు. "తలుపు పక్కన స్టిక్కర్ మీద కోడ్ ఉంటది సార్. కోడ్ ఒకటే, షేడు మాత్రం ఒకటి కాదు. బండి ఎండలో తిరిగి ఉంటది. మెటాలిక్ అయితే గన్ను ఎంత దూరం పట్టాం, గాలి ఎంత పెట్టాం, దాన్నిబట్టి కూడా మారిపోద్ది." అందుకని దెబ్బ తగిలిన తలుపు ఒక్కటే వేస్తే చాలదట, పక్క ప్యానెల్ మీదకు కూడా పలచగా కొట్టి కలిపేయాలట. రేకులు కలపని మామూలు సాలిడ్ రంగులు కలపడం తేలిక. అన్నిటికన్నా కష్టం ముత్యంలా మెరిసే పెర్ల్ తెలుపు, మూడు పూతలు, మధ్య పూత మందం కొంచెం అటూ ఇటూ అయినా దొరికిపోతాం అన్నాడు. మెరుపు లేని మ్యాట్ రంగు సంగతి అడిగితే నవ్వాడు. "గీత పడితే రుద్దకూడదు, రుద్దితే అక్కడ మెరుస్తది. ప్యానెల్ మొత్తం వేసుకోవాల్సిందే."

ఆయన మాట వింటే సాలిడ్ తెలుపే తీసుకోవాలి. దారిపొడుగునా అదే అనుకుంటూ వచ్చాను.

ఇంట్లో వరండా గోడ మీద మూడు రేకుముక్కలు పెట్టి ఉన్నాయి. కుర్రాణ్ని బతిమాలి రెండు రోజులకని తెచ్చుకున్నవి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ, మూడుసార్లూ చూడాలని నా పథకం. అమ్మ బట్టలు తీసుకుని లోపలికి వెళ్తూ ఆగి, మధ్యదాన్ని చేతిలోకి తీసుకుంది. "ఇదేంటిరా, పావురం రంగులా ఉందే." ఇటు తిప్పింది, అటు తిప్పింది. "చూడు, ఇటు బూడిద, అటు నీలం. పావురం మెడే."

అంతే. అప్పటిదాకా అది నాకు ఒక కోడు, ఒక మెరుపు, ఒక ఖర్చు. ఇప్పుడు దానికి పేరొచ్చింది. మా ఆవిడ చూసి "మరీ చీకటిగా లేదు, పర్లేదు" అంది. అమ్మాయి "నీలం ఉందిగా, సరే" అంది. రాజీ అనండి, ఇంకేమైనా అనండి. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.

"తెలుపైతే ఎల్లుండే ఇచ్చేస్తాం సార్, ఇది ఐదు వారాలు పడుతుంది" అన్నాడు కుర్రాడు. ఒక్క క్షణం ఊగాను. ఒక్క క్షణమే.

డెలివరీ రోజున బండిని దీపాల కిందనుంచి బయటికి తెప్పించాను. ఆ దీపాల కింద ఏ బండైనా పెళ్లికూతురే. ఎండలో చుట్టూ తిరిగి చూస్తే ముందు బంపరుకీ, పక్కన చక్రం మీదుండే ఫెండరు రేకుకీ వెంట్రుకవాసి తేడా కనిపించింది. గొడవ పెట్టుకోబోయి ఆగాను. బాడీ ఉక్కు, దాన్ని 140 డిగ్రీల దగ్గర్లో కాలుస్తారు. బంపరు ప్లాస్టిక్, ఆ వేడికి ఆగదు, విడిగా రంగేసి తక్కువ వేడిలో ఆరబెడతారు. కొంచెం తేడా చాలా బండ్లకు ఉంటుంది. చెప్పకపోతే మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు, నేనూ చెప్పలేదు.

పొడిగుడ్డ ఇప్పుడు ముట్టను. ముందు నీళ్లు కొట్టి దుమ్ము వదిలించాకే గుడ్డ తగలాలి. కుడి తలుపుకి అప్పుడే ఒక గీత పడింది, మా అమ్మాయి సైకిల్ హ్యాండిల్ పుణ్యం. గీతల మీద రంగు పూసే టచప్ పెన్ను తెచ్చి పూశాను, దగ్గరికొస్తే తెలుస్తుంది.

మొన్న ఒకచోట బండి తెచ్చిపెట్టమని పార్కింగతనికి ఫోన్ చేశాను. "ఏ రంగు సార్?" అన్నాడు. బూడిదంటే సాయంత్రం ఎండలో అలా ఉండదు. నీలమంటే నీడలో ఉందేమో. నేను నసుగుతుంటే పక్కన బెంచీ మీదున్న అమ్మ విసుక్కుంది. "పావురం రంగని చెప్పరా!"

చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఆఁ, కనబడింది సార్, తెస్తున్నా" అన్నాడు.