పిట్టగోడ మీది రావి

పోయిన వేసవిలో కడియం వెళ్లినప్పుడు ఒక నర్సరీలో బోన్సాయ్ మర్రిని, అంటే కుండీలో బుల్లిగా పెంచిన మర్రి చెట్టుని చూసి ధర అడిగాను. ఎనిమిది వేలన్నారు. ఊరికే చూద్దామని వచ్చానండీ అని మెల్లగా బయటపడ్డా.

ఇంటికొచ్చి డాబా ఎక్కితే, పిట్టగోడ మూలన వాననీళ్ల గొట్టం పక్కన జానెడు రావి మొక్క. ఏ కాకో గోరింకో పండు తిని రెట్టలో గింజ వదిలి ఉంటుంది. గోడ బీటలిస్తుందని అమ్మ మూడేళ్లుగా దాన్ని తుంచుతూనే ఉంది, అది మళ్లీ చిగురిస్తూనే ఉంది. అలా తుంచీ తుంచీ మొదలు బొటనవేలంత లావైంది. బోన్సాయ్‌కి కావలసింది సరిగ్గా అదే!

తొలకరి పడ్డాక ఉలితో సిమెంటు కొట్టి తీశా. సగం వేర్లు తెగిపోయాయి. ఆకులన్నీ తుంచేసి, ఇసుకలో చితక్కొట్టిన ఇటుక ముక్కలు, కాస్త ఎర్రమట్టి కలిపి, అడుగున చిల్లులు పెట్టిన పాత టబ్బులో నాటి నీడలో ఉంచా. రెండు వారాలు టెన్షనే. తర్వాత ఎర్రటి చిగురు!

పక్కింట్లో కాగితంపూల చెట్టు కొట్టేస్తుంటే లావు కొమ్మలు ఐదు అడిగి తెచ్చా, రెండు బతికాయి. చింతగింజ వంటింట్లోనే దొరుకుతుంది గానీ మాను లావెక్కడానికి ఏళ్లు పడుతుంది, నాకంత ఓపిక లేదు. రావి ఆకు పెద్దది, బుల్లి చెట్టుకి నప్పించడం కష్టం. రావి జాతిదే, చిన్నాకుల జువ్వి దొరికితే మాత్రం వదలకండి. గుడి గోడ మీదైతే అడక్కుండా ముట్టుకోకండి.

"ఇంట్లో రావి పెంచకూడదురా" అంటూనే అమ్మ రోజూ దానికి నీళ్లు పోస్తోంది.